గట్టు మీద పది నిమిషాలు: వానాకాలం చివర పూలనూ పురుగులనూ చూసే పద్ధతి

మన పల్లెల్లో అడవిపూలను, వాటి మీద వాలే పురుగులను చూడాలనుకునేవారు ఎండాకాలాన్ని కాదు, వానాకాలం చివరి రోజులను ఎంచుకోవాలి. మృగశిర వానలకు మొలిచిన గడ్డీగాదం పుబ్బ కార్తె నాటికి మోకాలెత్తు పెరిగి, ఉత్తర, హస్త కార్తెల్లో పూతకు వచ్చి, చిత్త దాటి స్వాతి వచ్చేసరికి గింజ రాల్చుకుని ఎండిపోతుంది. ఇంగ్లీషు నెలల్లో చెప్పాలంటే ఆగస్టు ఆఖరి నుంచి అక్టోబరు ఆఖరి వరకు. ఆకు తినే పురుగు, పురుగును తినే పురుగు, ఆ రెంటి కోసం కాచుకుని కూర్చునే సాలీడు ఒకే గట్టు మీద కనిపించేది ఈ రెండు నెలల్లోనే. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత రైతు కోసం పుట్టిందే అయినా పూలు చూసేవారికీ పనికొస్తుంది. ఉత్తర కార్తెలో వాన ముఖం చాటేసిన ఏడాది చెలకల్లో పూత పలచగా ఉంటుంది కనుక, అటువంటప్పుడు చెరువు కట్ట వెంబడి, కాలువ ఒడ్డున వెతకడం మంచిది.

ఈ లెక్క తెలంగాణకు, రాయలసీమలో ఎక్కువ భాగానికి, కోస్తాలోని మెట్ట ప్రాంతాలకు సరిపోతుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయి కాబట్టి అక్కడివారు కొన్ని వారాలు ఆలస్యంగా మొదలుపెట్టినా నష్టం లేదు. అరకు లోయ దగ్గరలో ఉన్నవారికి వలిసె అనే నూనెగింజ పంట చేలు ఉన్నాయి. వలిసె మొక్క తన పుప్పొడితో తానే సరిగా గింజ కట్టలేదు, పురుగులు ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్కకు చేరవేయాల్సిందే. అందువల్ల పూతకొచ్చిన వలిసె చేను అంచున నిలబడితే తేనెటీగల కోసం వేరే వెతకనక్కర్లేదు.

నేను మొదటి ఏడాది చేసిన తప్పు చెప్పి అసలు పద్ధతిలోకి వస్తాను. ఆ రోజు పొద్దున ఊరి నుంచి బయలుదేరి గుట్ట దాకా నాలుగు కిలోమీటర్లు నడిచి, దారిలో కనిపించిన ప్రతి పూవునూ ఫోన్‌తో తీసి, ఇంటికి వచ్చి ముప్పై పేర్లు రాసుకున్నాను. వారం తిరిగాక చూసుకుంటే ఆ ముప్పైలో ఏ పూవు మీద ఏ పురుగు వాలిందో, వాలి ఏం చేసిందో ఒక్కదానికీ జవాబు లేదు. నడిచేవాడికి పూలు మాత్రమే కనిపిస్తాయి, పురుగులు కనిపించాలంటే కూర్చోవాలి. ఒక చోటు ఎంచుకుని, అక్కడ ఒక మొక్క ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చుని, వారానికో పదిరోజులకో మళ్ళీ అదే చోటికి రావడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా.

చోటు ఎంచుకోవడం

తెలంగాణలో గెట్టు అనీ, సీమలో గనిమ అనీ, కోస్తాలో గట్టు అనీ పిలిచే పొలం హద్దు దీనికి అన్నిటికన్నా మంచి చోటు. దున్నని నేల కనుక అక్కడి మొక్కలు ఏటా తిరిగి వస్తాయి, పక్కన పంట ఉంటుంది కనుక పురుగుకు రెండు రకాల తిండి దొరుకుతుంది, మనకు కూర్చోవడానికి ఎత్తు ఉంటుంది. ఎర్రనేల చెలకల గట్ల మీద తంగేడు, తుమ్మి, విష్ణుక్రాంతం, పల్లేరు ఎక్కువ. నల్లరేగడిలో పత్తి, జొన్న సాళ్ళ మధ్య గునుగు తెల్లగా నిలబడి ఉంటుంది. చెరువు కట్టయితే తూనీగలు అదనం.

గట్టు మీద కూర్చునే ముందు ఆ చేను రైతును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మందు ఎప్పుడు కొట్టారు? పురుగుమందు కొట్టిన చేను పక్కన రెండు మూడు రోజుల వరకు పురుగులు పలచగా ఉంటాయన్నది ఒక సంగతి, ఆ గాలి మనకే మంచిది కాదన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి. నేను ఒకసారి అడగకుండా పత్తి చేను పక్కన గంటసేపు కూర్చుని సాయంత్రం దాకా తలనొప్పితో పడుకున్నాను. అడగడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఎందుకు అడుగుతున్నారో తెలిశాక రైతు తనకు తెలిసిన మొక్కల పేర్లన్నీ చెబుతాడు, వాటిలో సగం పుస్తకాల్లో దొరకవు.

వెంట ఏం ఉండాలన్న దాని మీద పెద్దగా చెప్పాల్సింది లేదు. గీతల నోటు పుస్తకం, పెన్సిలు, చిన్న స్కేలు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, మంచినీళ్ళు, నిండు చేతుల చొక్కా, మడమ దాటే బూట్లు ఉంటే చాలు. బైనాక్యులర్లు ఉన్నవారు వాటిని తిరగేసి, కంటికి పెట్టుకునే వైపును పూవుకు వేలెడు దూరంలోకి తెచ్చి చూస్తే అది మంచి భూతద్దంలా పనిచేస్తుంది. వలలూ సీసాలూ అవసరం లేదు. కొన్ని రకాల సీతాకోకచిలుకలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, పైగా సీసాలో పడిన పురుగు తాను పూవు మీద చేసే పనేదీ అక్కడ చేయదు.

వేళ

విష్ణుక్రాంతం నీలిపూలు, వెన్నదేవి కూర నీలిపూలు పొద్దున్నే విచ్చి మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతాయి. తొమ్మిదిన్నరకు తీరిగ్గా బయలుదేరేవారు వాటిని దాదాపు పోగొట్టుకున్నట్టే. తేనెటీగలు పొద్దెక్కుతూనే మొదలవుతాయి, సీతాకోకచిలుకలు ఒంటికి ఎండ తగిలి రెక్కలు వేడెక్కితే గాని సరిగా ఎగరవు. కనుక ఏడున్నరకు గట్టు చేరి, ఎనిమిదింటి వరకు మొక్కలు చూసి, ఎనిమిది నుంచి పదకొండు దాకా పురుగులు చూసే ఏర్పాటు నాకు బాగా కుదిరింది. పన్నెండు నుంచి మూడు వరకు ఎండకు మనమూ పురుగులూ నీడ వెతుక్కుంటాం. నాలుగు తర్వాత మళ్ళీ ఒక గంటన్నర బాగుంటుంది. రాత్రంతా వాన పడి తెల్లవారి ఎండ కాసిన పూట దొరికితే వదులుకోవద్దు. ఆకలితో ఉన్న పురుగులన్నీ ఒకేసారి బయటికి వస్తాయి, బండ్లబాట మీద ఆరుతున్న బురదపై పసుపు, తెలుపు సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి ఉప్పు లవణాలను పీల్చుకుంటూ కనిపిస్తాయి. అలా బురద మీద చేరేవి ఎక్కువగా మగవే.

తంగేడు ముందు కూర్చుంటే

మొదటి మొక్కగా తంగేడును ఎంచుకోవాలని నా సలహా. తెలంగాణ రాష్ట్ర పుష్పం అయినందుకు కాదు, ఆ పూవులో ఏం జరుగుతుందో కళ్ళతోనే కాక చెవులతో కూడా తెలుసుకోవచ్చు కనుక.

ముందుగా పురుగులేవీ లేనప్పుడు ఒక పూవును భూతద్దంతో చూడండి. నలిగినట్టుండే అయిదు పసుపు రేకుల మధ్య పది కేసరాలు ఉంటాయి, కానీ పదీ ఒకలా ఉండవు. పైన ఉన్న మూడు చిన్నవి, పుప్పొడి పుట్టని గొడ్డు కేసరాలు. మిగిలినవాటిలో కిందివి మూడు పొడుగ్గా, వంపు తిరిగి, ముందుకు చాచుకుని ఉంటాయి. చాలా పూలలో పుప్పొడి తిత్తి నిలువుగా పగిలి పొడి బయటపడుతుంది, తంగేడులో మాత్రం తిత్తి కొసన సన్నటి రంధ్రం తప్ప దారి ఉండదు. ఉప్పుడబ్బా తిరగేసి కుదిపితేనే ఉప్పు రాలినట్టు దీన్ని కూడా ఎవరో కుదపాలి. పూవులో తేనె ఉండదు, వచ్చే పురుగుకు దొరికే కూలి పుప్పొడి మాత్రమే.

ఆ కుదిపే పని చేసేది తుమ్మెద. నల్లటి ఒళ్ళు, ఎండలో ఊదా నీలంగా మెరిసే రెక్కలు, బొటనవేలి గోరుకన్నా పెద్ద ఆకారం ఉన్న ఈ తుమ్మెద ఎండిన వెదురులోనో దూలంలోనో రంధ్రం తొలుచుకుని గూడు పెడుతుంది. అది దూరం నుంచి వస్తున్నప్పుడు వినిపించే గుంయ్‌మనే మోతను ముందు గుర్తుపెట్టుకోండి. పూవు మీద వాలి, కేసరాలను కాళ్ళతో కౌగిలించుకున్నాక ఆ మోత ఆగిపోతుంది, ఒక్క క్షణం తర్వాత దానికన్నా సన్నగా, హెచ్చు స్థాయిలో, తెంపుతెంపుగా ఇంకో మోత మొదలవుతుంది. రెక్కలు కదలవు. ఎగరడానికి వాడే కండరాలనే రెక్కలతో సంబంధం లేకుండా అదరగొట్టి, ఆ అదురుతో కేసరాల కొసల నుంచి పుప్పొడిని రాల్చుకుంటుంది. మధ్యలో ఉన్న పొట్టి కేసరాల పొడిని తన తిండికి తీసుకుంటూ ఉండగా, చాచుకుని ఉన్న పొడుగు కేసరాల పొడి దాని ఒంటి పక్కన, అది సులువుగా దులుపుకోలేని చోట పడుతుంది. పూవు కీలం, అంటే కొసన పుప్పొడిని అందుకునే సన్నటి కాడ, కూడా ఒక పక్కకు వంగి ఉంటుంది, ఒక పూవులో ఎడమకు, మరో పూవులో కుడికి. ఒకే కొమ్మ మీద పది పూలు తీసుకుని ఎన్ని ఎడమవో, ఎన్ని కుడివో లెక్కపెట్టండి. పిల్లలతో వెళ్ళినవారు బడి ప్రయోగశాల నుంచి శృతిదండం తెచ్చి, మోగించి, కేసరానికి ఆనించి చూపితే పుప్పొడి పొగలా రాలుతుంది. ఏ పాఠంలో చెప్పినా అంత బాగా అర్థం కాదు.

తంగేడు ముందే ఇంకో పని ఉంది. లేత చిగురు ఆకులను వెనక్కి తిప్పి చూడండి. తెల్లటి, బియ్యపు గింజకన్నా చిన్నవైన, నిలువుగా నిలబెట్టిన సీసాల వంటి గుడ్లు విడివిడిగా కనిపిస్తే అవి మాటల్డ్ ఎమిగ్రెంట్ అనే లేత ఆకుపచ్చ తెలుపు సీతాకోకచిలుక పెట్టినవి. మూడు నాలుగు రోజుల్లో పొదిగి వచ్చే గొంగళి ఆకు రంగులోనే ఉండి, పక్కన ఒక సన్నటి లేత గీత, దాని వెంబడి నల్ల చుక్కలతో ఉంటుంది. ఒక కొమ్మకు రంగు దారం కట్టి గుర్తు పెట్టుకుని వారం తర్వాత వస్తే అదే గొంగళి ఎంత పెరిగిందో స్కేలుతో కొలవవచ్చు. ఆకుజంటల మధ్య చీమలు తచ్చాడుతుంటే అక్కడా ఒకసారి భూతద్దం పెట్టండి, ప్రతి జంట మధ్యా సన్నటి గ్రంథి ఒకటి నిలబడి ఉంటుంది.

తంగేడుకు ఒక ఇబ్బంది ఉంది. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పొలాల్లోని తంగేడు, గునుగు తెల్లవారకముందే గంపల్లోకి చేరిపోతాయి. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, మా ఇంట్లోవాళ్ళకూ నేనే కోసి తెస్తాను. కాకపోతే పండుగకు రెండు వారాల ముందు ఒకసారి, పండుగ అయిపోయిన వారానికి మరోసారి చూసి, రెండు సార్లూ తుమ్మెదలను లెక్కపెట్టి పక్కపక్కన రాసుకుంటే ఆ పుటలు తర్వాత మళ్ళీ మళ్ళీ తీసి చూస్తారు.

చిన్నపూల వద్ద

తంగేడు నుంచి చూపు కిందికి దించితే గట్టు మీద అసలు జనాభా కనిపిస్తుంది. గాయపాకు అని కూడా పిలిచే గడ్డిచామంతి మన మొక్క కాదు, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడింది. మధ్యలో పసుపు బొట్టు, చుట్టూ కొసన మూడు పళ్ళున్న అయిదారు పాలిపోయిన రేకులు, అన్నిటినీ మోస్తూ జానెడు కాడ. చిన్న సీతాకోకచిలుకలు చూడాలంటే దీన్ని మించిన చోటు లేదు. గోరంత నీలి రకాలు, పసుపు గడ్డి రకాలు, కళ్ళ బొమ్మలున్న పాన్సీలు వరసగా వస్తాయి. ఒక్కొక్కటి ఒక పూవు మీద ఎన్ని సెకన్లు ఉంటుందో మనసులో లెక్కపెట్టడం మంచి అలవాటు.

తుమ్మి పూవును వినాయక చవితికి కూర వండుకునే ఇళ్ళవారు ఎరుగుదురు. తెల్లటి పూవుకు కింది పెదవి వెడల్పుగా జారి ఉంటుంది, పురుగు వాలేది దాని మీద. పై పెదవి నూగుతో కప్పుకుని, కేసరాలను తన కింద దాచుకుంటుంది. తేనెటీగ తల లోపలికి పెట్టినప్పుడు పుప్పొడి దాని నెత్తిన పడుతుంది. తుమ్మి మీద పొట్టకు అడ్డంగా మెరిసే నీలిచారలున్న తేనెటీగ కనిపిస్తే ఒక్క పూవు దగ్గర నిలవదని ముందే తెలుసుకుని ఉండండి. అది గాలిలోనే ఆగి, చటుక్కున నాలుక పెట్టి, తీసుకుని వెళ్ళిపోతుంది. ఫోటో కోసం దాని వెంట పరుగెత్తితే దొరకదు, అది తిరిగి వచ్చే పూవు దగ్గర కెమెరా సిద్ధం చేసుకుని ఆగితే దొరుకుతుంది.

వెన్నదేవి కూర నీలిపూవును కూడా చులకనగా చూడకూడదు. కనిపించే పసుపు కేసరాలు పురుగును పిలిచే ఎర, అసలు పుప్పొడి ఇచ్చేవి వాటి కింద ఉంటాయి. ఈ మొక్కను రైతులు ఎందుకు అంత తిట్టుకుంటారో తెలియాలంటే ఒకదాన్ని జాగ్రత్తగా వేళ్ళతో సహా పెకలించి మట్టి దులపండి. నేలలోకి దిగిన తెల్లటి కొమ్మల మీద విచ్చుకోని పూలు ఉంటాయి, అవి వెలుతురు చూడకుండా, ఏ పురుగు సాయమూ లేకుండా మట్టిలోనే గింజ కడతాయి. పైనున్నదంతా కలుపు తీసి పారేసినా కింద గింజలు మిగులుతాయి.

గునుగు కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది, అందుకే మొదలు వెండి తెలుపుగా, కొస గులాబి రంగులో ఉంటుంది. ఆ గులాబి కొస ఎంత మిగిలిందో చూస్తే కంకి వయసు తెలుస్తుంది. సన్న నడుము కందిరీగలు దీని మీద తేనె కోసం తిరుగుతాయి. వాటిలో కొన్ని కాసేపటికి గొంగళిని ఈడ్చుకుంటూ నేలలోని బొరియలోకి పోవడం ఓపిక ఉన్నవారికి కనిపిస్తుంది.

జిల్లేడు, అచ్చుగుద్దినట్టుండే రెండు సీతాకోకచిలుకలు

జిల్లేడు ఏడాది పొడుగునా పూస్తుంది, అయినా ఈ కాలంలో దాని ముందు అరగంట ఖర్చు పెట్టాలి. ఆకుల వెనక పసుపు రంగు పేనుబంక గుంపులు, వాటిని మేసే అక్షింతల పురుగులు, పసుపు నీలం చారలతో రంగులు పూసినట్టుండే జిల్లేడు మిడత ఇక్కడే ఉంటాయి. ఆ మిడత పిల్లను కెలికితే ఒంటి నుంచి చేదు ద్రవం చిమ్ముతుంది, కనుక ముఖం దగ్గరగా పెట్టవద్దు.

నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపున మూడు జతల నల్ల కొమ్ములతో ఉండే గొంగళి ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకది. తినే ముందు అది ఆకు ఈనెను కొరికి పాలు కారిపోనిచ్చి, ఆ తర్వాత ముందు భాగాన్ని తింటుంది. పాలలోని విషం దాని ఒంటికి ఎక్కుతుంది, రుచి చూసిన పిట్ట మళ్ళీ ముట్టదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ మిల్క్‌వీడ్ మొక్క మీద చూసే మోనార్క్ గొంగళి దీనికి దగ్గరి చుట్టం, దానికి కొమ్ములు రెండు జతలే.

ఇక్కడే నేను రెండేళ్ళు మోసపోయాను. నారింజ రెక్కలు, నల్ల అంచు, కొసన తెల్ల పట్టీ ఉన్నవన్నీ ప్లెయిన్ టైగర్లేనని రాసుకుంటూ పోయాను. వాటిలో కొన్ని డానెయిడ్ ఎగ్‌ఫ్లై ఆడవి. విషం లేని ఈ సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్ వేషం కట్టి పిట్టలను ఏమారుస్తుంది. మగది అసలు ఆ పోలికలోనే ఉండదు, నల్లటి రెక్కల మీద ఊదా వలయం చుట్టిన తెల్లటి పెద్ద మచ్చలు. ఆడదాన్ని పట్టుకునే గుర్తు వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో నల్ల చుక్కలు మూడో నాలుగో ఉంటాయి, ఎగ్‌ఫ్లైకి ముందు అంచు దగ్గర ఒక్కటే చుక్క. గంగవాయిలి కూర, అంటే పావిలి కూర, పరుచుకున్న నేల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ ఉంటే అనుమానించండి, అది గుడ్లు పెట్టేది ఆ కూర మీద.

ఈగా, తేనెటీగా?

పూల మీద కనిపించే పసుపు చారల పురుగులన్నీ తేనెటీగలు కావు. వాటిలో చాలా పూల ఈగలు, కుట్టే శక్తి లేక కుట్టేవాటి వేషం వేసుకున్నవి. తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. కానీ ఎగిరే పురుగు రెక్కలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. కళ్ళు చూడండి, ఈగకు తలంతా కళ్ళే. మీసాలు చూడండి, ఈగవి ఉన్నాయా లేవా అన్నంత పొట్టివి. గాలిలో దారం కట్టి వేలాడదీసినట్టు నిశ్చలంగా ఆగి, ఒక్కసారి పక్కకు జరిగితే అది దాదాపు ఖాయంగా పూల ఈగ. వీటిలో చాలా రకాల పిల్లపురుగులు పేనుబంకను తింటాయి, అందుకే పంట పక్కన పూలగట్టు ఉండటం రైతుకు కూడా మేలు.

పూవు మీద వాలిన తేనెటీగ ఎంతసేపటికీ కదలకపోతే సంతోషించి దగ్గరికి పోకండి, కింద చూడండి. పూవు రంగులోనే ఉండే పీత సాలీడు దాని మెడ పట్టుకుని ఉండవచ్చు.

పొద్దు వాలాక

సాయంత్రం అయిదున్నర, ఆరు గంటల మధ్య గట్టు మీద ఎండుపుల్లలను ఒక్కొక్కటిగా చూస్తూ నడవండి. పొద్దున తుమ్మి మీద నిలకడ లేకుండా తిరిగిన నీలిచారల తేనెటీగల్లో మగవి ఒకే పుల్ల మీద వరసగా చేరి, దవడలతో పుల్లను కరిచి పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, గాలిలో వేలాడుతూ నిద్రపోతాయి. మొదటిసారి చూసినప్పుడు చచ్చి అంటుకుని ఉన్నాయనుకున్నాను. మర్నాడు అదే వేళకు అదే పుల్ల దగ్గరికి వెళ్ళండి, చాలాసార్లు అక్కడే ఉంటాయి. రోజంతా దొరకని ఫోటో అప్పుడు దొరుకుతుంది, ఫ్లాష్ మాత్రం వేయవద్దు.

అదే వేళకు పొలం మీద గుంపులుగా తిరిగే లేత పసుపు తూనీగలు ప్రపంచంలోకెల్లా ఎక్కువ దూరం వలసపోయే పురుగుల్లో ఒకటి. వానలు వెనకబట్టాక ఇవి మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు చేరుతాయని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో వివరించారు. వాలినప్పుడు మిగతా తూనీగల్లా అడ్డంగా కాక, కొమ్మకు నిలువుగా వేలాడటం వీటి గుర్తు.

ఉమ్మెత్త మొగ్గలు విచ్చేది కూడా చీకటి పడే ముందే. పొడుగు నాలుక రెక్కలపురుగుల కోసం పది నిమిషాలు ఆగవచ్చు, కానీ ఆ మొక్కలో ప్రతి భాగమూ విషం, చేత్తో ముట్టి ఆ చేతిని కంటికి పెట్టుకోరాదు.

ముట్టుకోకూడనివి

ఈ కాలంలో పాములు గట్ల మీదే ఉంటాయి, ముఖ్యంగా రక్తపింజర. కూర్చునే చోట ముందు కర్రతో తట్టి, గడ్డిని పక్కకు ఒత్తి చూడటం మరవకండి. కాటు పడితే మంత్రాలూ కట్లూ కాక నేరుగా ఆసుపత్రికే పోవాలి, 108కి ఫోన్ చేయాలి. ఊదా పూల గుత్తులతో కంచెల మీద పాకిన దూలగొండి అందంగా ఉంటుంది, దాని కాయ నూగు తగిలితే పూటంతా గోక్కోవడమే. అదే కంచె మీద పసుపు నుంచి ఎరుపుకు మారే జ్వాల వంటి రేకులతో అడవినాభి ఉంటుంది, దాని దుంప ప్రాణాంతకం. బెండ, అలసంద పూల మీద నల్లటి ఒంటికి నారింజ పట్టీలతో తీరిగ్గా కూర్చుని రేకులు నమిలే పెంకు పురుగును చేత్తో తీయవద్దు, దాని ద్రవం తగిలిన చోట బొబ్బలెక్కుతాయి. దాని పిల్లపురుగులు మిడత గుడ్లను తింటాయి, అంటే పంటకు శత్రువో మిత్రుడో ఒక్కమాటలో తేల్చలేం. వయ్యారిభామ మధ్య కూర్చోకండి, దద్దుర్లు, తుమ్ములు ఖాయం. దాన్ని తినడానికి మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో విడిచిన చారల పెంకు పురుగు మాత్రం ఇప్పుడు మన దగ్గరా కనిపిస్తుంది, గట్టున నిలబడే చూడవచ్చు. మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉరుము వినపడితే ఒంటరి చెట్టు కిందికి పోకుండా ఊరి దారి పట్టండి.

రాసుకునే తీరు

పుటకు ఒక మొక్క చొప్పున రాయండి. తేదీ, కార్తె, వేళ, ఎండ మబ్బు గాలి, పది నిమిషాల్లో వచ్చిన పురుగులు, ప్రతిదీ ఏం చేసింది. నా పుస్తకంలోని ఒక పుట ఇలా ఉంది: ‘హస్త మొదట్లో, ఉదయం 8.40, పలచటి ఎండ, గాలి లేదు. తంగేడు, 23 పూలు విచ్చాయి. తుమ్మెద 4 సార్లు, మోత మారింది 3 సార్లు. చిన్న తేనెటీగ 2, రాలిన పొడిని రేకు మీద నుంచి ఏరుకుంది, కీలానికి తగల్లేదు. గొంగళి 1, దారం కట్టిన కొమ్మ, 18 మిల్లీమీటర్లు.’ పేరు తెలియని పురుగుకు పేరు కోసం ఆగవద్దు. ‘చిన్న నల్ల ఈగ, ఎర్ర కళ్ళు’ అని రాస్తే సరిపోతుంది. ఎవరూ రాకపోతే సున్నా అని రాయండి, సున్నా కూడా లెక్కే.

ఫోటో తీస్తే ఒకే పురుగుకు పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెక్కలు ముడిచినప్పుడు ఒకటి, అది కూర్చున్న మొక్క ఆకుతో సహా ఒకటి తీయండి. వాటిని ఐనాచురలిస్ట్ యాప్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. యాప్ తనంతట తాను సూచించే పేరును మాత్రం వెంటనే నమ్మకండి, అది కూడా నాలాగే ఎగ్‌ఫ్లైని టైగర్ అనవచ్చు. 2020 నుంచి ఏటా సెప్టెంబరులో దేశమంతటా జరిగే సీతాకోకచిలుకల లెక్కింపు కార్యక్రమం బిగ్ బటర్‌ఫ్లై మంత్‌కు ఈ పుటల్లోని లెక్కలు నేరుగా పనికొస్తాయి.

స్వాతి కార్తె వచ్చేసరికి గట్టు ఎండిపోయి చూడటానికి ఏమీ లేదనిపిస్తుంది. ఆ రోజుల్లో ఎండుకాయలు గలగలలాడే గిలిగిచ్చ మొక్క కోసం వెతకండి. పూలన్నీ రాలిపోయిన ఆ కాయల మీద, ఎండిన కాడల మీద నీలి చారల టైగర్ సీతాకోకచిలుకలు, గోధుమ నలుపు రంగు క్రో సీతాకోకచిలుకలు పదుల్లో వాలి గీరుతూ ఉంటాయి. వాటికి కావలసింది తేనె కాదు, మొక్కలో ఉన్న ఒక చేదు రసాయనం. మగవి దాన్ని పీల్చుకుని ఆడవాటిని పిలిచే వాసనగా మార్చుకుంటాయి. మునిగిపోయి ఉంటాయి కనుక మోచేతి దూరం దాకా వెళ్ళినా లేవవు, నీడ మాత్రం వాటి మీద పడనివ్వకండి.